నాలుగో అంకాలమ్మ హాజరు

పామర్రు ప్రాథమిక పాఠశాలలో సుధామణి టీచరు హాజరు వేయడమంటే ఒక పెద్ద తతంగం. మిగతా టీచర్లు కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండా పేర్లు చదివేసి రెండు నిమిషాల్లో పని కానిచ్చేస్తారు. ఈవిడ అలా కాదు. లేచి, రిజిస్టరు చంకలో పెట్టుకుని వరసల మధ్యకి వెళుతుంది. ఒక్కొక్క పిల్ల దగ్గరా ఆగి, నెత్తిమీద చెయ్యి వేసి, ముఖంలోకి చూసి పేరు పిలుస్తుంది. ఆ పిల్ల పలికాక, పెదవులు కదలడం తన కళ్లతో చూశాక, అప్పుడు గీత పెడుతుంది. నలభై రెండు మంది పిల్లలు, నలభై రెండు నూనె తలలు. హాజరు అయ్యేసరికి ఆవిడ అరచెయ్యి జిడ్డోడుతూ ఉంటుంది. మొదటి పీరియడు సగం అక్కడే అయిపోతుంది.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అని తోటి టీచర్లు నవ్వుకునేవారు. రెండు వేల ఆరులో తనిఖీకి వచ్చిన ఒక అధికారి అయితే అడిగేశాడు.

"ఏమ్మా, పేర్లు చదివితే పలకరా మీ పిల్లలు?"

"పలుకుతారండీ. అదే నా భయం," అంది సుధామణి.

ఆయనకి అర్థం కాలేదు. తల గోక్కుని పక్క క్లాసుకి వెళ్లిపోయాడు. అర్థం కావాలంటే ఆయన పదేళ్లు వెనక్కి, బందరు దాటి సముద్రం ఒడ్డుదాకా రావాలి. అంత తీరిక ఆయనకెక్కడిది!

సుధామణిది విజయవాడ వన్ టౌన్. తండ్రి మిరపకాయల గోడౌనులో గుమాస్తా. ఆయన ఇంటికి వస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవారు. ఆవిడ చదువుకున్న బళ్లో ఒకే క్లాసులో ముగ్గురు సుధామణులు ఉండేవారు. వాళ్లని వేరు చేయడానికి అక్కడి పంతులమ్మ బుర్ర ఎక్కువ ఖర్చు పెట్టుకోలేదు. పొడుగు సుధామణి, కళ్లజోడు సుధామణి, నల్ల సుధామణి. మూడో పేరు మన టీచరుది. పొడుగు పిల్ల అలా పిలిస్తే మురిసిపోయేది. కళ్లజోడు పిల్లకి ఏమీ పట్టేది కాదు. ఈ పిల్ల మాత్రం రోజూ పొద్దున్నే "నల్ల సుధామణి" అని పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అని తన నోటితో తనే ఒప్పుకోవాలి. ఇంటికొచ్చి మోచేతులు సున్నిపిండితో తోలు ఊడేలా రుద్దుకునేది. ఐదేళ్లు రుద్దింది. రంగు మారలేదు గానీ మనసులో ఒక పట్టుదల గట్టిపడింది. నేను పంతులమ్మనైతే ఏ పిల్లనీ ఒంటి రంగుతోనో, కాలి వంకరతోనో పిలవను గాక పిలవను అనుకుంది.

టీటీసీ చదివి, డీఎస్సీ రాసి, తొంభై ఆరులో పంతులమ్మ అయింది. మొదటి పోస్టింగు చిన్నమొగ అనే బెస్తపల్లెలో వేశారు. బందరులో గది అద్దెకి తీసుకుంది. అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక ఆటో, ఆటో ఇక వెళ్లలేనని మొరాయించిన చోటు నుంచి రెండు మైళ్లు ఉప్పునేల మీద నడక. ఆ ఊళ్లో పక్కా కట్టడం ఒకే ఒక్కటి, తుఫాను షెల్టరు. స్తంభాల మీద ఎత్తుగా లేపిన రెండు గదులు, వెడల్పాటి మెట్లు. గాలివాన వస్తే దాంట్లో ఊరు ఉంటుంది, రాకపోతే బడి ఉంటుంది. హెడ్మాస్టరు వెంకటసుబ్బారావు గారూ ఈవిడా, ఇద్దరే ఉపాధ్యాయులు.

మొదటిరోజు నాలుగో క్లాసులో "అంకాలమ్మ" అని పిలవగానే నలుగురు ఆడపిల్లలు ఒక్కసారే లేచి నిలబడ్డారు. సుధామణి రిజిస్టరు చూసింది. నలుగురూ ఉన్నారు, వరసగా. ఊరంతటికీ కలిపి ఇంటిపేర్లు రెండే కాబట్టి ఇద్దరిదొకటి, ఇద్దరిదొకటి. మధ్యాహ్నం ఆవిడ అడిగితే వెంకటసుబ్బారావు గారు క్యారేజీ మూత తీస్తూ చెప్పారు.

"ఇక్కడ అంతేనమ్మా. మగాడు వేటలో ఉండగా ఇంట్లో ఆడపిల్ల పుడితే ఊరి దేవత పేరే పెట్టాలి. పురిటి మంచం మీది నుంచి లేవగానే తల్లి ఆ పిల్లని ఎత్తుకుని ఒడ్డుకి పోయి, సముద్రం వైపు తిరిగి ఆ పేరు మూడుసార్లు పిలుస్తుంది. అలా పిలిస్తే గాని పడవ ఇంటిదారి పట్టదట. ఆ ఏడు వేటకెళ్లిన పడవలు వారం దాకా తిరిగి రాలేదు. నాలుగు కాన్పులూ ఆ వారంలోనే."

"పడవలు వచ్చాయాండీ?"

"వచ్చినట్టే ఉన్నాయిగా, తండ్రులు నలుగురూ రోజూ నా చుట్టల్లో వాటా అడుగుతున్నారు."

మరి నలుగురినీ ఎలా వేరు చేయడం? పొట్టి, పొడుగు, నలుపు, ఎరుపు అనే దారి ఆవిడకి మూసేసి ఉంది. ఆలోచించి ఆలోచించి బెంచీ వరస ప్రకారం నంబర్లు పెట్టింది. ఒకటో అంకాలు, రెండో అంకాలు, మూడో అంకాలు, నాలుగో అంకాలు. ఎవరి మనసూ నొప్పించని ఉపాయం కనిపెట్టానని ఆరోజు బస్సులో తనలో తనే సంతోషపడింది. అంకె పెట్టాక ముఖంతో పనేముంది? ఆ సంగతి మాత్రం అప్పుడు తోచలేదు.

వేట బాగా సాగే రోజుల్లో నాలుగో అంకాలు బడికి సగం రోజులు వచ్చేది కాదు. తల్లి చనిపోయింది. తండ్రి ఎల్లారావు పడవ మీద ఉంటాడు. ఉప్పుటేరుకి అవతల ఇసుకదిబ్బ మీద నాయనమ్మతో కలిసి ఆ పిల్ల నెత్తళ్లు ఎండబెట్టేది. చిటికెనవేలంత చేపలు అవి. పరవాలి, తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, చినుకు పడితే బరకం కప్పాలి. ముసలమ్మ ఒక్కర్తివల్లా ఎక్కడవుతుంది?

కానీ హాజరు పడేది. "నాలుగో అంకాలు" అని పిలిస్తే "వచ్చానండీ టీచర్" అనే గొంతు వినిపించేది. చేరిన నెలలోనే సుధామణి కనిపెట్టింది, ఆ గొంతు రెండో అంకాలుదని. మెడ కాస్త వంచి, గొంతు కాస్త సన్నం చేసి పలికేది ఆ గడుగ్గాయి. ఒకరోజు తల ఎత్తి చూస్తే క్లాసంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. నాలుగో చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని మూడో అంకాలు తన పుస్తకాల సంచీతో కప్పడానికి నానా తంటాలు పడుతోంది.

నిజం చెప్పాలంటే ఆవిడ అప్పుడే అడగాల్సింది, అడగలేదు. నూటికి ఎనభై రోజులు హాజరుంటేనే పిల్లకి నెలకి మూడు కిలోల బియ్యం ఇస్తారు. ఆ ఇంట్లో ఆ మూడు కిలోలు ఎంతకాలం వస్తాయో ఆవిడకి తెలుసు. తల దించుకుని గీత పెట్టింది. మర్నాడూ దించుకుంది. తర్వాత్తర్వాత నలుగురి పేర్లూ వచ్చేటప్పుడు తల దించుకునే ఉండటం అలవాటైపోయింది. పుణ్యమే చేస్తున్నాననుకుంది. పిల్లలకీ అది తప్పనిపించలేదు. ఒక పేరున్న వాళ్లు ఒకళ్ల కోసం ఒకళ్లు పలక్కపోతే ఇంకెవరు పలుకుతారు?

రెండో ఏడు నవంబరులో ఒకరోజు. తెల్లవారుజాము నుంచీ ముసురు. అల్పపీడనమని రేడియో రెండురోజులుగా చెబుతూనే ఉంది. పడవలన్నీ ముందురోజే ఒడ్డుకి చేరాయి. సుధామణి బస్సెక్కుతూ వెళ్లాలా వద్దా అని గింజుకుంది. పిల్లలు వచ్చి కూర్చుంటారని వెళ్లింది. తొమ్మిదిన్నరకి హాజరు వేసింది. నాలుగు అంకాలమ్మలు, నాలుగు "వచ్చానండీ"లు, నాలుగు గీతలు.

పదకొండింటికి మైకు కట్టిన జీపు వచ్చింది. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు, అందరూ షెల్టరుకి చేరాలి అని అరుచుకుంటూ ఊరు చుట్టింది. గంటలో బడి కాస్తా ఊరైపోయింది. ట్రంకుపెట్టెలు, మేకలు, కాళ్లు కట్టిన కోళ్లు, చంటిపిల్లలు, ఒక కుట్టుమిషను. సుధామణి పిల్లల్ని గోడవారగా కూర్చోబెట్టి, మెట్ల దగ్గరికి ఎవరూ పోకుండా చూస్తూ, నోరెండిపోయేలా అరుస్తోంది. కిటికీలకి రెక్కలు లేవు. గాలి గదిలో ఒక పక్క నుంచి దూరి ఇంకో పక్క నుంచి పోతోంది.

పన్నెండు దాటాక ఒక మూల నుంచి ముసలమ్మ చెయ్యెత్తి పిలిచింది. నాలుగో అంకాలు నాయనమ్మ. మూడురోజులుగా జ్వరమట, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పంతులమ్మా, మా పిల్లని ఓపాలి ఇట్టా పంపించమ్మా. గొంతు ఆరిపోతంది, నీళ్లు పడతది."

"అలాగే మామ్మా," అని సుధామణి పిల్లల వైపు తిరిగి, గాలి హోరుని మించి కేకేసింది. "అంకాలూ! అంకాలమ్మా!"

ముగ్గురు లేచారు.

నాలుగో తల కోసం ఆవిడ చూసింది. మేకల వెనక చూసింది, పక్క గదిలోకి వెళ్లి చూసింది. తిరిగొచ్చేసరికి రెండో అంకాలు గోడకి అంటుకుపోయి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నేనే పలికానండీ టీచర్. నెత్తళ్లు తడిసిపోతాయి, బరకం కప్పేసి వచ్చేస్తానని పొద్దున్నే దిబ్బకి ఎల్లిపోయింది. వచ్చేదాకా నువ్వు పలుకు అందండీ. ఇంకా రాలేదండీ."

ఆ క్షణంలో సుధామణికి ముందుగా తోచింది పిల్ల కాదు, రిజిస్టరులో తను పెట్టిన గీత. ఆ సంగతి ఆవిడ ఎన్నో ఏళ్లదాకా ఎవరికీ చెప్పుకోలేకపోయింది. గీత తర్వాతే పిల్ల గుర్తొచ్చింది. గుర్తురావడమైతే వచ్చింది గానీ ముఖం సరిగ్గా రాలేదు. ఏడాదిన్నర చదువు చెప్పిన పిల్ల! ముందుపన్ను విరిగి ఉంటుందని గుర్తు. మిగతాదంతా ఒక అంకె.

హెడ్మాస్టరు గారిని పక్కకి లాగి చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"లేదా? అదేమిటి! ఎల్లారావు వాళ్లమ్మని మోసుకొచ్చి దింపినప్పుడు నన్నడిగాడమ్మా, మా పిల్ల బళ్లోనే ఉందాండీ అని. నేను రిజిస్టరు చూసి, హాజరు పడిందయ్యా, లోపలెక్కడో ఉంటుంది, నువ్వు పో అన్నాను. పడవలు మడ అడవిలోకి లాగాలని పోయాడు."

అంటే ఆ పిల్లని వెతికే మనిషి ఊళ్లో ఒక్కడు కూడా లేడు. నాయనమ్మ బళ్లో ఉందనుకుంటోంది. తండ్రి బళ్లో ఉందనుకుంటున్నాడు. బళ్లో మాత్రం లేదు. అందరినీ నిశ్చింతగా ఉంచింది తన చేతి గీతే.

"కంగారుపడకండి," అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "ఎవరింట్లోనో ఆగి ఉంటుంది. ఇప్పుడు మనం బయటపెడితే... రిజిస్టరులో ఉన్న పిల్లండీ. ఏదైనా అయితే మనిద్దరికీ..."

"నేను వెళుతున్నానండీ," అంది సుధామణి. ముసలమ్మకి తనే నీళ్లు పట్టి, "వస్తుంది మామ్మా" అని అబద్ధమో నిజమో తెలియని మాట ఒకటి చెప్పి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మెట్లు దిగింది.

వెనకాలే ఎవరో దిగారు. రెండో అంకాలు తల్లి తిరుమల. చేపలబుట్ట మోసి మోసి మెడ నిటారుగా నిలిచిపోయిన మనిషి.

"మీరొక్కళ్లే ఎళ్తే మిమ్మల్ని ఎతకడానికి ఇంకోళ్లు కావాలి. పదండి," అంది. ఏడుస్తున్న కూతురి వీపు మీద ఒక్కటి చరిచి మరీ వచ్చిందట. ఆ సంగతి దారిలో చెప్పింది.

షెల్టరు నుంచి ఉప్పుటేరు అరమైలు కూడా ఉండదు. ఆ అరమైలూ నడవలేదు, గాలి తోసినట్టల్లా పోయారు. వాన సూదుల్లా ముఖానికి తగులుతోంది. సుధామణి వన్ టౌన్ పిల్ల, కృష్ణ కాలవల్లో తప్ప నీళ్లలోకి దిగిన మనిషి కాదు. మామూలు రోజుల్లో మోకాలి లోతున దాటిపోయే ఏరు ఇప్పుడు ఎర్రగా ఉబికి, పోటు నీళ్లు సముద్రం వైపు నుంచి ఎదురు తన్నుతుంటే సుడులు తిరుగుతోంది. అవతల దిబ్బ వానలో మసగ్గా ఉంది. దాని మీద మనిషి ఉన్నట్టు గానీ లేనట్టు గానీ తెలియడం లేదు.

ఇవతలి గట్టున మడచెట్ల సందున ఎల్లారావు ఇంకో నలుగురితో కలిసి పడవని మోకుతో కడుతున్నాడు. వాళ్లని చూసి పని ఆపాడు.

చెప్పాలి. తిరుమల చెబుతుందేమోనని సుధామణి ఆశగా చూసింది. తిరుమల దిబ్బ వైపు తిరిగింది. అది ఆవిడ చెప్పాల్సిన మాట కాదు మరి.

"ఎల్లారావు గారూ, అంకాలు బళ్లో లేదు. పొద్దుటి నుంచీ లేదు. దిబ్బ మీదికి వెళ్లిందట. చూడకుండా హాజరు వేసింది నేనేనండీ."

ఎల్లారావు ఆవిడ ముఖంలోకి చూశాడు. తిడితే బాగుండుననిపించింది ఆవిడకి, కొట్టినా బాగుండును.

"ఉందన్నారు గదండీ," అన్నాడు.

పడవకి కడుతున్న మోకు విప్పి ఒక కొస నడుముకి చుట్టుకున్నాడు. రెండో కొస మడచెట్టు మొదట్లో తిప్పి మగవాళ్లకి అందించాడు. సుధామణి కూడా పట్టుకుంది. ఎవరూ వద్దనలేదు. అతను నీళ్లలోకి దిగాడు. నడుము దాకా, మెడ దాకా, తర్వాత తల మాత్రమే. ఆ తల ఒకసారి పూర్తిగా మునిగింది. మోకు ఒక్క గుంజు గుంజింది. ఆవిడ అరచేతుల్లోంచి జారి తోలు లేపుకుపోయింది. వదల్లేదు. అతను అవతల తేలాడు, పాకుతూ గట్టెక్కాడు, మోకు విప్పి అక్కడి గుంజకి కట్టి వానలో కలిసిపోయాడు.

ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుచూడాలి. ఎదురుగా మడచెట్టు బోదె మీద మూడు బుడిపెలున్నాయి. వచ్చినప్పుడు మూడూ కనిపించాయి. కాసేపటికి అడుగుది మునిగింది. సుధామణి మిగిలిన రెండింటి మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. రెండోది మునిగేలోపు రాకపోతే ఆ తండ్రి కూడా రాలేడని లోపల ఎవరో చెబుతున్నట్టుంది. మొక్కుకుందామంటే దేవుళ్లెవరూ గుర్తురాలేదు. రేపు పొద్దున తను హాజరు పిలుస్తున్నట్టు, మూడు పేర్లు అయ్యాక నాలుగో పేరు దగ్గర నోరు రానట్టు కనిపించింది. పక్కకి తిరిగి వాంతి చేసుకుంది.

తిరుమల గట్టు చివరికి నడిచి, దిబ్బ వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంకాలూ! అంకాలమ్మా!"

పదకొండేళ్ల కిందట తన పిల్లని ఎత్తుకుని సముద్రానికి వినిపించేలా పిలిచిన పిలుపే అది. అప్పుడు ఒడ్డున ఉన్న బిడ్డ పేరు పెట్టి నీళ్లలో ఉన్న తండ్రిని పిలిచారు. ఇప్పుడు తండ్రీ బిడ్డా ఇద్దరూ అటే ఉన్నారు. సుధామణి పక్కనే నిలబడి తనూ పిలిచింది. ఏడాదిన్నరగా ఆ పేరు పిలుస్తూనే ఉంది, ఎవరో ఒకరు పలుకుతూనే ఉన్నారు. ఇప్పుడు ఎవరూ పలకలేదు. గొంతు చీరుకుపోయేదాకా పిలిచింది.

రెండో బుడిపె సగం మునిగాక మగవాళ్లలో ఒకడు "అదుగో" అన్నాడు.

ఎల్లారావు మెడ మీద పిల్ల ఉంది. అతను మోకు పట్టుకుని చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ ఏట్లోకి దిగాడు. ఇవతల ఆరుగురూ మోకు బిగబట్టారు. ఆ నాలుగు నిమిషాలు ఎలా గడిచాయో సుధామణికి తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తులేదు. పిల్ల కాళ్లు చేతికి అందినప్పుడు చల్లగా, ముడతలు పడి ఉన్నాయి. అంతవరకే గుర్తు.

బరకం కప్పి నాలుగు మూలలా కట్టేసరికి ఏరు పెరిగిపోయిందట. దాటలేక పిల్ల చేపలు ఆరబెట్టే మంచె ఎక్కి, గాలికి ఎగిరిపోకుండా తన నడుముని గుంజకి తాడుతో కట్టేసుకుంది. ఎల్లారావుకి అంతసేపు పట్టింది అందుకే. కూతురు వేసిన ముడి ఊడిరాలేదు. పళ్లతో కొరికి తెంపాల్సి వచ్చింది.

తిరుమల తన పైట పిండి పిల్ల తల తుడుస్తోంది. పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్లు తెరిచి చుట్టూ చూసి సుధామణిని గుర్తుపట్టింది. పెదవులు కదిపింది. వినబడక ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

"టీచర్, ఇయాల నాకు హాజరు పడిందాండీ?"

బొంగురు గొంతు. కొంచెం మగపిల్లాడి గొంతులా ఉంది. ఆ గొంతు తను ఇంతవరకూ చెవిపెట్టి వినలేదని సుధామణికి అప్పుడు తెలిసింది. పిల్లని గుండెలకి అదుముకుని ఆ బురదలో కూర్చుండిపోయి బావురుమంది. ఎల్లారావు ఒక నిమిషం చూసి, "లేవండి టీచరుగారూ, నీళ్లు పెరుగుతున్నాయి," అన్నాడు.

తుఫాను ఆ సాయంత్రమే దారి మార్చుకుని దక్షిణానికి పోయింది. చిన్నమొగలో కొన్ని కప్పులు లేచాయి. రెండు పడవలు పగిలాయి, మనుషులెవరూ పోలేదు. నాలుగోరోజున బడి మళ్లీ బడి అయింది, మేకల వాసన మాత్రం ఇంకా పోలేదు. సుధామణి రెండు చేతులకీ కట్లు. వెంకటసుబ్బారావు గారు రిజిస్టరు ఆవిడ ముందు పెట్టి మెల్లగా అన్నారు.

"పిల్ల దక్కింది, అది చాలు. పడిన గీత పడింది. ఉండనివ్వండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"తొక్కేశాను కదండీ," అంది ఆవిడ. ఎర్రసిరా తీసి ఆరోజు గీతా, ఆ నెలలో ఆ పిల్ల రాని మిగతా రోజుల గీతలూ కొట్టేసి, పక్కన గైరుహాజరు అని రాసి సంతకం పెట్టింది. కట్ల చేత్తో రాసిన ఆ సంతకం ఎవరిదో తెలియనంత వంకరగా వచ్చింది. ఆ నెల ఎల్లారావు ఇంటికి బియ్యం వెళ్లలేదు. ఎందుకు రాలేదని ఎవరూ వచ్చి అడగలేదు. అడిగి నాలుగు మాటలన్నా అని ఉంటే ఆవిడకి కాస్త తెరిపిగా ఉండేది. నాయనమ్మ జ్వరం తగ్గాక దిబ్బ మీదికి ఒక్కర్తే పోవడం మొదలుపెట్టింది. బడి వదలగానే నలుగురు అంకాలమ్మలూ అటే పరిగెత్తేవారు.

బడి మళ్లీ తెరిచిన ఆ పొద్దున సుధామణి కుర్చీలో కూర్చోలేదు. మొదటిసారి లేచి పిల్లల మధ్యకి నడిచింది. ఒకటో అంకాలు తల మీద చెయ్యి వేసి పిలిచింది. పలికింది. రెండో పిల్లని పిలిచింది. ఆ పిల్ల ఒక్కసారే, తన గొంతుతోనే పలికి తల దించుకుంది. మూడో పిల్ల పలికింది. నాలుగో చోటు దగ్గర ఆగింది. విరిగిన ముందుపన్ను, ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, చెవి కింద పుట్టుమచ్చ. ఇవన్నీ ఏడాదిన్నర నుంచీ ఇక్కడే ఉన్నాయి.

"నాలుగో..." అని మొదలుపెట్టింది.

"నాలుగో అనొద్దండీ టీచర్," అంది పిల్ల, అదే బొంగురు గొంతుతో.

"మరి మీరు నలుగురు కదమ్మా. ఏమని పిలవను?"

పిల్ల తల ఎత్తింది. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది.

"అంకాలమ్మ అనే అనండి. నా వంక చూసి అనండి, నాకు తెలుస్తది."

సుధామణి ఆ పిల్ల వంక చూసింది. కట్టు కట్టిన చెయ్యి నెత్తిమీద పెట్టింది.

"అంకాలమ్మా."

"వచ్చానండీ."

మిగతా ముగ్గురూ కదల్లేదు.